బాలింత పథ్యంలో లేని కండరం

సికింద్రాబాద్‌లోని బౌద్ధనగర్‌లో ఏ ఇంట తొలి కాన్పు జరిగినా, బిడ్డతో పాటే నియమాలు కూడా గడప దాటి లోపలికి వస్తాయి. తలకు, చెవులకు గుడ్డ కట్టుకోవాలి. చల్లనీళ్ళు ముట్టకూడదు. కాయం ముద్ద పరగడుపునే మింగాలి. వెల్లుల్లి కారం, బీరకాయ కూర పరవాలేదు. వంకాయ, గుమ్మడికాయ వద్దు. నడుముకు పాత చీర బిగించి కట్టాలి. పుట్టింట్లో అమ్మ ఒకటి చెబితే అత్తమ్మ ఫోన్‌లో ఇంకోటి చెబుతుంది. పక్క పోర్షన్ పెద్దమ్మ మూడోది కలుపుతుంది. ఇన్ని జాగ్రత్తల నడుమ బాలింత ఒక రోజు గట్టిగా తుమ్ముతుంది. లోపలి బట్ట తడుస్తుంది. ఆ తడి గురించి మాత్రం ఎవరి దగ్గరా ఒక్క నియమం లేదు.

ఆమె కూడా చెప్పదు. కాన్పైన కొత్తలో రక్తస్రావం ఉంటుంది కనుక ప్యాడ్ ఎలాగూ ఉంటుంది; తడి అందులో కలిసిపోతుంది. నెల దాటి స్రావం ఆగినా ప్యాడ్ మానలేకపోయినప్పుడు అసలు విషయం తెలుస్తుంది. అప్పటికి బంధువుల రాకపోకలు తగ్గుతాయి, డాక్టర్ దగ్గరికి వెళ్ళేది బిడ్డ టీకాల కోసమే అవుతుంది. ధైర్యం చేసి అమ్మ చెవిలో వేస్తే, "అందరికీ ఉండేదేనే, నాకూ ఉండె" అన్న జవాబు వస్తుంది. ఆ మాట ఓదార్పుగా అన్నదే. దానివల్లనే ఒక తల్లి ఇబ్బంది ఇరవై అయిదేళ్ళ తర్వాత కూతురి ఇబ్బందిగా మళ్ళీ మొదలవుతుంది.

దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బరువెత్తినా మూత్రం చుక్కలు పడటం ఒక రకం. వస్తోందని అనిపించిన మరుక్షణమే, బాత్రూమ్ గడియ తీసేలోపే పడిపోవడం ఇంకో రకం. మొదటిది మూత్రనాళాన్ని మూసి ఉంచే బలం తగ్గడం వల్ల, రెండోది మూత్రాశయం తొందరపాటు వల్ల. కొందరిలో రెండూ ఉంటాయి. తొలి కాన్పు తర్వాత ఎక్కువగా కనిపించేది మొదటిదే. వేర్వేరు దేశాల్లో జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి 2010లో డేవిడ్ థామ్, గురి రోర్ట్‌వైట్ అనే పరిశోధకులు లెక్క చూశారు. కాన్పైన మొదటి 3 నెలల్లో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఎంతో కొంత లీక్ ఉన్నట్టు తేలింది. వీరిలో కొందరికి అది తగ్గిపోతుంది. తగ్గనివారి గురించే ఆలోచించాలి. డెన్మార్క్‌లో లార్స్ విక్ట్రుప్ బృందం తొలి కాన్పు తల్లులను ఏళ్ళ తరబడి గమనించింది. కాన్పైన 3 నెలలకు కూడా దగ్గితే తడిసే ఇబ్బంది పోనివారిలో 92 శాతం మందికి 5 ఏళ్ళ తర్వాతా అది మిగిలే ఉంది. "ఇంకో ఏడాది చూద్దాం, అదే సర్దుకుంటుంది" అని ఊరుకోవడం ఎందుకు తప్పో ఈ అంకె చెబుతుంది. మొదటి మూడు నెలలు చాలా విలువైనవి.

పొత్తికడుపు అడుగున, ముందున్న ఎముక నుంచి వెనక వెన్ను కొస దాకా, నులక మంచంలా అల్లుకున్న కండరాల పొర ఒకటి ఉంటుంది. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు; కటి అడుగు కండరాలు అనుకోవచ్చు. మూత్రాశయం, గర్భసంచి, మలద్వారానికి పైనుండే పేగు అన్నీ ఈ నులక మీదే ఆనుకుని ఉంటాయి. దగ్గు వచ్చినప్పుడు కడుపులోని ఒత్తిడి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. నులక బిగువుగా ఉంటే ఆ ఒత్తిడికి మూత్రనాళం దానికేసి నొక్కుకుని మూసుకుపోతుంది. అమెరికాలోని మిచిగన్ వైద్యుడు జాన్ డిలాన్సీ 1994లో దీన్ని వివరించడానికి నీళ్ళ పైపును ఉదాహరణగా తీసుకున్నాడు. గట్టి నేల మీదున్న పైపును కాలితో తొక్కితే నీళ్ళు ఆగిపోతాయి. అదే పైపు మెత్తటి మట్టిలో ఉంటే ఎంత తొక్కినా పైపు మట్టిలోకి దిగుతుందే తప్ప నీళ్ళు ఆగవు. కాన్పు తర్వాత కొన్నాళ్ళు ఈ నేల మెత్తబడుతుంది.

మెత్తబడటం నొప్పులతో మొదలయ్యేది కాదు, అంతకు ముందే మొదలవుతుంది. నెలలు నిండే కొద్దీ బిడ్డ, ఉమ్మనీరు, మాయ బరువంతా ఈ పొర మీదే పడుతుంది. గర్భంలో ఊరే హార్మోన్లు కండరాలను, వాటిని పట్టి ఉంచే నారలను వదులు చేస్తాయి. ఆ తర్వాత ప్రసవం. మిచిగన్ బృందమే 2004లో కంప్యూటర్ నమూనాతో లెక్క వేసింది: బిడ్డ తల బయటికి వచ్చే ఘడియలో ఈ పొరలోని లోపలి పోగులు తమ మామూలు పొడవుకు 3 రెట్లకు మించి సాగుతాయి. చెయ్యీ కాలూ ఆడించే కండరం ఏదైనా అంత సాగితే తెగిపోతుంది. గర్భిణి శరీరం అందుకు సిద్ధపడి ఉంటుంది కనుక చాలామందిలో తెగదు, తిరిగి బిగుస్తుంది. కొందరిలో పోగులు ఎముక నుంచి ఊడి వస్తాయి. కొందరిలో కండరానికి ఆజ్ఞలు చేరవేసే నరం నలుగుతుంది. అది కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఇంత పని చేసిన కండరానికి బాలింత ఇంట ఒక్క పూట పథ్యం కూడా లేదు.

ఇక్కడ తెలంగాణ ప్రత్యేకంగా ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం ప్రసవాలు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. తార్నాకలోనో సీతాఫల్‌మండిలోనో నలుగురు కొత్త తల్లులు ఒకచోట కలిస్తే వారిలో ఇద్దరికో ముగ్గురికో పొట్ట మీద కుట్లు ఉండటం మామూలైపోయింది. "ఆపరేషన్ అయింది కదా, కింద ఏమీ కాలేదు కదా, మరి నాకెందుకు లీకవుతోంది?" అన్న ప్రశ్న అందుకే ఈ ప్రాంతంలో గట్టిగా వినిపించాలి. వినిపించడం లేదంటే, ఆపరేషన్ అయినవాళ్ళు ఈ బాధ తమది కాదని అనుకోవడమే కారణం.

నార్వేలో 65 ఏళ్ళ లోపు స్త్రీలు 15,307 మందిని అడిగి రాసిన లెక్క 2003లో వెలువడింది. అసలు బిడ్డలే పుట్టనివారిలో 10.1 శాతం మందికి, సిజేరియన్లు మాత్రమే అయినవారిలో 15.9 శాతం మందికి, మామూలు కాన్పులు మాత్రమే అయినవారిలో 21 శాతం మందికి మూత్రం లీక్ అవుతోంది. మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. మామూలు కాన్పుతో ఇబ్బంది ఎక్కువ, నిజమే. సిజేరియన్‌తో అది తగ్గుతుంది గానీ పోదు, ఎందుకంటే తొమ్మిది నెలల మోత ఎవరికైనా ఒకటే. వయసు పెరిగే కొద్దీ ఆ తేడా కూడా కరిగిపోతుంది. అదే అధ్యయనంలో 50 దాటినవారిలో రెండు రకాల కాన్పుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తమ లెక్కను చూపించి సిజేరియన్లు పెంచవద్దని ఆ పరిశోధకులే రాశారు. ఆపరేషన్‌కు దాని కష్టాలు దానికున్నాయి: రక్తస్రావం, అతుకులు, తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టు మీద అంటుకునే ముప్పు. దగ్గితే తడవకూడదన్న ఒక్క కారణంతో కోత కోరుకోవడం పొరపాటు.

అమెరికాలోని రోచెస్టర్‌లో ఇంకా ఆశ్చర్యం కలిగించే అధ్యయనం జరిగింది. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకరు పిల్లల్ని కని, ఇంకొకరు అసలు కనని అక్కాచెల్లెళ్ళ జంటలను 143 వెతికి పట్టుకున్నారు. అందరూ నెలసరి ఆగిపోయిన వయసువారే. 2005లో వచ్చిన ఫలితం ఇది: పిల్లల్ని కన్న అక్కాచెల్లెళ్ళలో 49.7 శాతం మందికి, కననివారిలో 47.6 శాతం మందికి మూత్రం ఆగని ఇబ్బంది ఉంది. అంటే వయసుతో వచ్చే ఇబ్బందిలో పుట్టుకతో వచ్చిన కణజాలం తీరుకు పెద్ద వాటాయే ఉంది. అమ్మకు ఉంటే కూతురు ముందే జాగ్రత్త పడాలి. "నాకూ ఉండె" అన్న అమ్మ మాటను ఓదార్పుగా కాక హెచ్చరికగా వినాల్సిన చోటు ఇదే.

మామూలు కాన్పులో ముప్పు పెంచేవి కొన్ని ముందే తెలిసినవి: గర్భంతో ఉండగానే లీక్ మొదలవడం, తల్లి అధిక బరువు, వయసు, మలబద్ధకం, మానని దగ్గు. నాలుగు కిలోల బిడ్డ మన దగ్గర అరుదే అయినా, తల్లికి గర్భంలో షుగర్ వస్తే బిడ్డ పెద్దదయ్యే అవకాశం ఉంటుంది. కనుక ఆ పరీక్షను తేలిగ్గా తీసుకోకూడదు. ఇక లేబర్ రూమ్‌లో జరిగేవి. నొప్పుల చివరి దశ మరీ సాగడం, పట్టుకారు వేసి తలను లాగడం, మలద్వారం దాకా చిరగడం ఈ కండరాలకు ఎక్కువ దెబ్బ. పట్టుకారుతో పోలిస్తే వాక్యూమ్‌తో కండరం ఊడే ముప్పు తక్కువ. బిడ్డ ప్రాణం మీదకు వచ్చినప్పుడు ఏది అవసరమో డాక్టర్ నిర్ణయిస్తారు, ఆ క్షణంలో వాదనకు చోటు ఉండదు. కానీ ఎనిమిదో నెలలో తీరిగ్గా అడగడానికి బోలెడు చోటు ఉంటుంది.

అడగదగ్గ ప్రశ్నలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన సూచనలు అండగా ఉన్నాయి. తొలి కాన్పులో చివరి దశ సాధారణంగా 3 గంటల్లోపు ముగుస్తుందని, అంతవరకు తల్లీబిడ్డా బాగుంటే తొందరపెట్టక్కర్లేదని ఆ సంస్థ చెప్పింది. ప్రతి తొలిచూలు తల్లికీ అలవాటుగా కింద కోత పెట్టడాన్ని సిఫార్సు చేయలేదు. పొట్ట మీద చేతులతో బలంగా నొక్కి బిడ్డను కిందికి తోయడం వద్దంది. తల్లి తనకు అనువైన భంగిమలో ఉండవచ్చంది. తల కనిపించే వేళ అక్కడ గోరువెచ్చని గుడ్డ కాపడం పెడితే పెద్ద చిరుగులు తగ్గుతాయంది. "మేడమ్, కోత తప్పనిసరి అయితేనే పెడతారా? గుడ్డ కాపడం పెడతారా? పక్కకు తిరిగి పడుకుని కనడానికి వీలవుతుందా?" అని అడిగే తల్లిని చూసి మంచి డాక్టర్ విసుక్కోరు. తెలంగాణలో 2017 నుంచి ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో ప్రభుత్వ నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ ఇస్తున్నారు. తల్లి వెంట ఓపిగ్గా ఉండి, తొందరపెట్టకుండా కాన్పు చేయించడం ఆ శిక్షణ సారం. అలాంటివారు ఉన్న ఆసుపత్రి అందుబాటులో ఉంటే తొలిచూలు తల్లి దాన్ని ఎంచుకోవడం తెలివైన పని.

కాన్పైన తొలి ఆరు గంటల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ కాదు. ఆ లోపు తల్లికి మూత్రం రావాలి. నడుములో మత్తు ఇచ్చినప్పుడు, నొప్పులు చాలాసేపు సాగినప్పుడు, కింద వాపు ఉన్నప్పుడు మూత్రాశయం నిండినా ఆమెకు తెలియకపోవచ్చు. బిడ్డను చూడటానికి వచ్చినవాళ్ళ సందడిలో ఎవరికీ గుర్తుండదు. నిండి ఉబ్బిన మూత్రాశయం అలా గంటలు ఉంటే దాని గోడ కండరం చాలా కాలం దెబ్బతింటుంది. పక్కనున్న అమ్మ చేయాల్సిన పని ఒకటే: కాన్పు టైము గుర్తుపెట్టుకుని, ఆరు గంటల్లో మూత్రం రాకపోతే నర్సుకు చెప్పడం. సిజేరియన్ తల్లికి గొట్టం ఉంటుంది. అది తీసిన దగ్గర్నుంచి లెక్క మొదలవుతుంది.

ఇక వ్యాయామం. 1948లో లాస్ ఏంజెలెస్ వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ ఒక వ్యాసం రాశాడు: కాన్పులో వదులైన ఈ కండరాన్ని కూడా చేతి కండరంలాగే సాధనతో బలపరచవచ్చని. అంతవరకు వైద్యులకు కత్తే మొదటి మందు. ఇప్పుడు డాక్టర్లు "కెగెల్స్ చేయమ్మా" అని ఒక్క మాటలో చెప్పి పంపేది ఆయన పేరుతో వచ్చిన ఆ సాధన గురించే. ఆ ఒక్క మాట సరిపోదు. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు నోటితో క్లుప్తంగా చెప్పి చేయించి చూశారు. సగం మందే సరిగ్గా చేశారు. నాలుగో వంతు మంది అందుకు విరుద్ధంగా కిందికి ముక్కారు, అంటే లీక్‌ను పెంచే పని చేశారు.

సరైన కండరాన్ని పట్టుకోవడం ఇలా. తల్లి పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ళు కాస్త ముడుచుకోవాలి. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా ఆపుకునేలా మలద్వారాన్ని లోపలికి, పైకి లాక్కోవాలి. ఆ బిగువును అలాగే ముందుకు, మూత్రద్వారం దాకా తీసుకురావాలి. పిరుదులు రాళ్ళయ్యాయంటే, తొడలు దగ్గరికొచ్చాయంటే, ఊపిరి బిగబట్టిందంటే అది తప్పు కండరం. చిన్న అద్దం పెట్టుకుని చూస్తే రెండు ద్వారాల మధ్య చోటు లోపలికి, పైకి కదలాలి; బయటికి ఉబ్బితే ముక్కుతున్నట్టు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం గుర్తుపట్టడానికి ఒకసారి చేస్తే చాలు. దాన్నే రోజూ వ్యాయామంగా చేస్తే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు.

మొదట్లో రెండు మూడు సెకన్లు పట్టి ఉంచడమే గగనం. కొన్నిసార్లు ఏమీ జరుగుతున్నట్టు అనిపించదు. నరం మొద్దుబారి ఉంటే అలాగే ఉంటుంది, ఆగకుండా ప్రయత్నించాలి. పట్టిన సేపు వదలాలి కూడా. వారాల మీద 8 నుంచి 10 సెకన్ల దాకా పెంచాలి. ఒక్కో విడతలో కనీసం 8 సార్లు, రోజుకు 3 విడతలు, కనీసం 3 నెలలు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల లెక్క ఇదే. ప్రతి విడత చివర టపటపా బిగించి వదిలేవి కొన్ని చేయాలి, దగ్గు చెప్పి రాదు కనుక. కాన్పైన రెండు మూడు రోజుల్లో, నొప్పి ఓర్చుకోగలిగినంతలో మొదలుపెట్టవచ్చు. మూత్రం గొట్టం ఉంటే తీశాకే. సిజేరియన్ తల్లికీ ఇదే లెక్క.

బాలింతకు గడియారం చూసే తీరిక ఉండదు. ఆమె రోజంతా బిడ్డ పాల చుట్టూ తిరుగుతుంది. కనుక పాలివ్వడాన్నే గుర్తుగా పెట్టుకోవడం మేలు: ఉదయం ఒక పాలు, మధ్యాహ్నం ఒక పాలు, రాత్రి ఒక పాలు. బిడ్డ నోరు పెట్టగానే మొదలుపెడితే ఎనిమిదీ అయ్యేసరికి బిడ్డ ఇంకా తాగుతూనే ఉంటుంది.

అన్నిటికంటే త్వరగా ఫలితమిచ్చే చిట్కా ఇంకోటుంది. దగ్గు, తుమ్ము వస్తున్నట్టు అనిపించిన వెంటనే, అది వచ్చేలోపు కండరాన్ని బిగించడం. మిచిగన్‌లోనే జానిస్ మిల్లర్ బృందం 1998లో దీన్ని పరీక్షించింది. వారం రోజుల సాధనతోనే దగ్గినప్పుడు పడే మూత్రం బాగా తగ్గింది. బిడ్డను ఊయల నుంచి ఎత్తే ముందు, నల్లా వచ్చినప్పుడు బకెట్ లేపే ముందు, మెట్లెక్కే ముందు ఒక బిగింపు. కొన్నాళ్ళకు ఆలోచించకుండానే శరీరం చేస్తుంది.

గర్భంతో ఉన్నప్పుడే మొదలుపెట్టినవారికి మేలు ఇంకా ఎక్కువ. అధ్యయనాలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ సమీక్ష ప్రకారం, అంతకు ముందు లీక్ లేని గర్భిణులు ఈ వ్యాయామం చేస్తే నెలలు నిండిన రోజుల్లో ఆ ముప్పు 62 శాతం, కాన్పైన 3 నుంచి 6 నెలల మధ్య 29 శాతం తగ్గింది. మందు లేదు, ఖర్చు లేదు. సీమంతానికి వచ్చిన ముత్తయిదువలు గాజులతో పాటు ఈ ఒక్క మాట కూడా చెప్పి వెళ్తే ఎంత బాగుంటుంది!

పథ్యంలో మార్చుకోవాల్సినవి కొన్ని. బాలింతకు నీళ్ళు తక్కువ ఇవ్వడం వాటిలో మొదటిది. నీళ్ళు తగ్గితే లీక్ తగ్గదు; మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలం గట్టిపడుతుంది. ముక్కిన ప్రతిసారీ మానుతున్న నులక మళ్ళీ సాగుతుంది. గోరువెచ్చని నీళ్ళే తాగాలంటే అలాగే తాగనీ, దాహం తీరేంత తాగనీ. ఆకుకూర, బీరకాయ, ఓట్స్, జొన్నరొట్టె, పండు ఉండాలి. నడికట్టు కట్టుకుంటే నడుముకు హాయిగా ఉంటుందనేవాళ్ళు వదులుగా, ఊపిరి ఆడేలా కట్టుకోవాలి. పొట్టను బిగించి నొక్కితే ఆ ఒత్తిడి పోయేది కిందికే.

బరువు గురించి తార్నాకలోనే పెద్ద దిక్కు ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఉస్మానియా క్యాంపస్ పక్కనే ఉంది. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు అదనంగా 600 కేలరీలు కావాలని ఆ సంస్థ లెక్క. నెయ్యి ముద్దలు, మిఠాయి ఉండలు రోజూ తినిపిస్తే ఆ లెక్క మధ్యాహ్నానికే దాటిపోతుంది. 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో అధిక బరువున్న స్త్రీలు తమ బరువులో 8 శాతం తగ్గితే వారానికి లీక్ అయ్యే సందర్భాలు దాదాపు సగానికి పడిపోయాయి. బాలింత కడుపు మాడ్చుకోకూడదు. ఆరు నెలల తర్వాత నెమ్మదిగా, తింటూనే తగ్గాలి.

ఆ ఉస్మానియా క్యాంపస్‌కే చుట్టుపక్కలవారి ఉదయపు నడక. బౌద్ధనగర్, వారాసిగూడ, తార్నాక వైపు నుంచి ఉస్మానియా చెట్ల నీడకు రోజూ వచ్చేవారిలో కొత్త తల్లులు కనిపించరు. కనిపించినా ఇంటికి దగ్గరగా తిరిగి వెళ్తారు. దారిలో బాత్రూమ్ ఎక్కడుందన్న లెక్కే నడక దూరాన్ని నిర్ణయిస్తుంది. నడక మంచిదే. పరుగు, స్కిప్పింగ్, గెంతే వ్యాయామాలు మాత్రం మూడు నెలలు దాటాక, గట్టిగా దగ్గినా తడవకపోతేనే మొదలుపెట్టాలి. బయల్దేరే ముందు "ఎందుకైనా మంచిది" అని వచ్చినా రాకున్నా మూత్రానికి వెళ్ళే అలవాటు ఇంకో చిక్కు. మూత్రాశయం కొంచెం నిండగానే గోల చేయడం నేర్చుకుంటుంది. తొందరపాటు రకం ఉన్నవారు వెళ్ళే వేళల మధ్య వ్యవధిని పది, పదిహేను నిమిషాల చొప్పున పెంచుకుంటూ కనీసం ఆరు వారాలు సాధన చేయాలి. టీ, కాఫీ తగ్గిస్తే వారికి తేడా తెలుస్తుంది.

డాక్టర్‌కు చెప్పడం దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. కాన్పైన ఆరు వారాలకు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు చెప్పడం మంచిది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బాలింతను, పసికందును చూసే తొలి విడతల్లో చివరిది కూడా 42వ రోజే. వివరంగా చెప్పక్కర్లేదు. "మేడమ్, దగ్గితే యూరిన్ లీకవుతోంది, రోజుకు రెండు ప్యాడ్లు మారుస్తున్నా, కెగెల్స్ సరిగ్గా చేస్తున్నానో లేదో ఒకసారి చూడండి." ఈ ఒక్క వాక్యంలో డాక్టర్‌కు కావాల్సినవన్నీ ఉన్నాయి: ఎప్పుడు, ఎంత, ఇంతవరకు ఏం చేశారు. లోపలి పరీక్షలో కండరం బిగుస్తోందో లేదో తెలుస్తుంది. బిగించలేనివారికి ఫిజియోథెరపిస్టు యంత్రం సాయంతో నేర్పగలరు. బౌద్ధనగర్‌కు గాంధీ ఆసుపత్రి దగ్గర. రైల్వే కుటుంబాలకు లాలాగూడ, ఆర్టీసీ కుటుంబాలకు తార్నాక ఆసుపత్రులున్నాయి. ఫ్రాన్స్‌లో కాన్పైన తల్లులకు ఈ శిక్షణ ఖర్చు ప్రభుత్వ బీమాయే భరిస్తుంది. ఇక్కడ అడిగి రాయించుకోవాలి. మూడు నెలల నికరమైన సాధనతో కూడా తగ్గకపోతే లోపల పెట్టుకునే రింగు, చివరికి నాళం కింద సన్నటి పట్టీ వేసే ఆపరేషన్ ఉన్నాయి. ఇక పిల్లలు వద్దనుకున్నాకే ఆ ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

కొన్నింటికి ఆరు వారాలు ఆగకూడదు. దగ్గుతో పని లేకుండా పగలూ రాత్రీ మూత్రం కారుతూనే ఉంటే లోపల చిల్లు పడి ఉండవచ్చు. అది వ్యాయామంతో పోదు, ఆపరేషన్‌తో బాగవుతుంది. మూత్రం ఆగిపోవడం, జ్వరంతో మంట, రక్తం, మలం గానీ గాలి గానీ ఆపుకోలేకపోవడం, కింద ఏదో జారుతున్నట్టు ఉండటం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం ఏది కనిపించినా ఆ రోజే వెళ్ళాలి.

ఇంట్లో అమ్మ సంగతి మిగిలింది. తనకూ ఉండేదని చెప్పిన ఆ అమ్మకు చాలాసార్లు ఇంకా ఉంటుంది. పెళ్ళిళ్ళకు దూరం వెళ్ళకపోవడం, బస్సులో కిటికీ పక్కన నోరు మూసుకుని కూర్చోవడం, నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుని కాళ్ళు దగ్గరికి లాక్కోవడం ఆమెకు ఎంత అలవాటైపోయాయంటే, అవి ఇబ్బందని కూడా అనిపించదు. యాభై దాటినా ఈ కండరం సాధనకు లొంగుతుంది. లెక్క కూడా అదే: ఎనిమిది సార్లు, రోజుకు మూడు విడతలు, మూడు నెలలు. కూతురు బిడ్డకు పాలిస్తూ ఒకటి, రెండు అని లెక్కపెట్టే వేళ అమ్మ కూడా ఆ మంచం అంచునే కూర్చుని మొదలుపెట్టవచ్చు.